ఎర్రబడిన గడప

నా చిన్నప్పుడు మేము ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో, నూరేళ్లు దాటిన ఎర్ర ఇటుకల ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న అక్కడి ఆస్పత్రిలో డాక్టరు. ఆ ఇల్లంటే ఊరందరికీ గొప్ప. కట్టించినాయన పేరు ఇత్తడి పలక మీద చెక్కి గోడకి బిగించారు. మేము కొనుక్కున్నా సరే, అది మా ఇల్లని ఎవరూ అనేవారు కాదు.

అమ్మ ప్రతి శుక్రవారం ఆ ఇంటి గడపకి పసుపు రాసి బొట్లు పెట్టేది. మా క్లాసు పిల్ల ఒకతె అది చూసి, మీ గుమ్మంలో మస్టర్డ్ సాస్ ఒలికిందా అని అందరి ముందూ అడిగింది. పదేళ్ల దాన్ని, తల కొట్టేసినట్టయింది.

ఏడాదికోసారి ఊళ్లోని పాత ఇళ్లను జనం తిరిగి చూసేవాళ్లు. ఆ ఏడు మా ఇల్లు కూడా చూపిస్తామన్నారు. ఆ రోజు పొద్దున్నే, అమ్మ స్నానానికి వెళ్లగానే నేను గిన్నెల సబ్బు తెచ్చి గడప తోమాను. పసుపు పోలేదు సరికదా, పారాణిలా ఎర్రగా తేలింది. ఏడుస్తూ ఇంకా తోమాను, ఇంకా ఎర్రబడింది.

అమ్మ వచ్చి చూసింది. తిట్టి ఉంటే బావుండేది. "పోనీలేమ్మా, మ్యాట్ వేసేద్దాం" అని తనే తెచ్చి పరిచింది.

జనాన్ని వెంటబెట్టుకొచ్చిన పక్కింటి ముసలావిడ గుమ్మం దగ్గర ఆగి, ఆ పసుపు రంగు ఏమైందని అడిగింది. వాకింగ్‌కి వెళుతూ వారం వారం చూస్తుందట, వీళ్లందరికీ అదే చూపిస్తానని చెప్పి తీసుకొచ్చిందట. నేను అమ్మ వెనక నక్కాను. అమ్మ నా వంక చూడనైనా చూడకుండా, "నేనే కడిగేశాను" అని చెప్పింది.

తర్వాతి శుక్రవారం అమ్మ పసుపు గిన్నె తీయలేదు. ఆ పై శుక్రవారమూ అంతే. ఆ ఇంట్లో ఇంకా పదకొండేళ్లు ఉన్నాం, మళ్లీ రాయనే లేదు. రాయమ్మా అని నేను ఒక్కసారైనా అడగలేదు. పైగా హాయిగా అనిపించింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే.

ఒక్క అబద్ధంతో అమ్మ నా పరువు కాపాడింది. ఆవిడ పసుపుని మాత్రం, ఊళ్లో ఎవరూ వద్దనకముందే, నేనే చెరిపేశాను.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఇప్పుడు నా ఇంటి గడపకి నేను పసుపు రాస్తుంటే మనవరాలు ఫోటోలు తీస్తుంది, ఎవరు నేర్పారని అడుగుతుంది. మా అమ్మేనంటాను, మిగతాది చెప్పను. గిన్నెలు తోమేటప్పుడు కూర మరక సబ్బు తగిలి ఎర్రబడితే మాత్రం, కుళాయి కట్టేయడం కూడా మర్చిపోయి అలాగే నిలబడిపోతాను.