"ఏ ఊరు?" అని మొదలయ్యే ప్రకాశన్న విజార్డ్

నిన్న పొద్దున్నే మేరీ వదిన ఫోన్ చేస్తే, ప్రకాశన్న మళ్ళీ లాప్‌టాప్ ఛార్జర్ ఆఫీసులో మర్చిపోయాడేమో, వెతకమంటుందేమో అనుకున్నాను.

"మీ అన్న లేడమ్మా" అంది.

ఏ అన్న అని అడిగాను. అంత మొద్దుగా అడిగాను.

సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. గుండె. ముందురోజు సాయంత్రం నాతో ఫాంట్ సైజు మీద కొట్లాడి ఇంటికి పోయిన మనిషి.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. మిర్యాలగూడలో ఎరువుల షాపు పైన మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఉన్నది మేమిద్దరమే. రైస్ మిల్లులకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాస్తాం, నెట్ పోయినా నడిచేది. లెక్కలు, డేటాబేస్ నావి. కంటికి కనపడే స్క్రీన్లన్నీ అన్నవి.

అన్నకు విజార్డ్ అంటే పిచ్చి. అంటే పేజీకి ఒకటే ప్రశ్న. జవాబు సరిగ్గా ఇస్తేనే కింద నెక్స్ట్ బటన్ వెలుగుతుంది. తప్పు కొడితే బ్యాక్. బ్యాక్ కొట్టినా అప్పటిదాకా నింపింది పోదు. చివర్లో ఫినిష్. అన్నీ ఒకే స్క్రీన్‌లో పెడితే చిటికెలో అయ్యే పనికి ఇన్ని పేజీలెందుకని నేను రోజూ గొణిగేదాన్ని.

"ఒక్కసారే ఇన్ని డబ్బాలు సూపెడితే మనిషి బెదురుతడు చెల్లె. ఒక్కొక్కటే అడుగుదాం" అనేవాడు.

కోదాడ మిల్లు సంగతి చెప్పాలి.

అక్కడ గుమస్తా వెంకటేశ్వర్లు గారు. పెద్దాయన. బతుకంతా చేత్తో రాసినవాడు. వరి కోతలలోపు కంప్యూటర్ నేర్చుకోకపోతే డిగ్రీ చేసినవాణ్ణి పెట్టుకుంటానని సేటు ఆయన మొహం మీదే అనేశాడు. మేం సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రోజు ఆయన మౌస్‌ను రెండు చేతులతో పట్టుకున్నారు. అది చూసి నాకే భయమేసింది.

మా మొదటి పేజీ "రైతు పేరు". ఎవరైనా అదే పెడతారు కదా!

వడ్ల ట్రాక్టర్ వచ్చింది. పేరు కొట్టారు. బారెడు లిస్టు వచ్చింది. మనవైపు సైదులు, వెంకన్న అనే పేర్లకు కొదవా? ఆయన ఆ లిస్టులో పైకీ కిందికీ తిరుగుతుంటే బయట హారన్లు. గుమ్మంలో సేటు. ఇక నావల్ల కాదు బాబూ అని ఆయన కుర్చీలోంచి లేవబోయారు.

అన్న ఆయన భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు. కంప్యూటర్ వదిలేసి ఎప్పటిలాగే కాగితం మీద రాసుకొమ్మన్నాడు. తను పక్కనే బస్తా మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఊరికే విన్నాడు, నెత్తినిండా ఊక దుమ్ముతో.

వెంకటేశ్వర్లు గారు ఒక్క రైతునూ ముందు పేరు అడగలేదు.

"ఏ ఊరు?" అనే అడిగారు.

పాలకీడు అంటే పాలకీడు అని రాసుకున్నారు. ఆ తర్వాతే పేరు. ఒక్క ఊళ్ళో ఎంతమంది సైదులు ఉంటారు, వెంటనే దొరికేస్తాడు.

మర్నాడు అన్న పేజీల వరుస మొత్తం తిప్పేస్తానన్నాడు. నాకు మండింది. వెనకాల డేటాబేస్ అంతా తిరగరాయాల్సింది నేను. గట్టిగానే నాలుగు మాటలన్నాను. నవ్వి టీ తెప్పించాడు. ఆయనతో కొట్లాడితే వచ్చేది టీ ఒక్కటే.

మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటి పేజీ మీద పెద్ద తెలుగు అక్షరాల్లో "ఏ ఊరు?" అని ఉంది. వెంకటేశ్వర్లు గారు కళ్ళద్దాలు సర్దుకుని చదివి, ఇది నేనడిగేదే కదండీ అన్నారు. ఆ రోజు లైన్‌లో ఉన్న బండ్లన్నీ ఆయనే కంప్యూటర్‌లోకి ఎక్కించారు. సేటు మళ్ళీ డిగ్రీవాడి ఊసెత్తలేదు. ఆయన ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉన్నారు.

నిన్న గరిడేపల్లిలో, అన్న వాళ్ళ ఇంటి ముందు టెంటు కింద ఫ్రీజర్ బాక్స్ పక్కన కూర్చున్నాను. ఆఫీసుకు తాళం వేసేద్దామని అప్పటికే మనసులో అనేసుకున్నాను. అన్న లేకుండా ఆ మెట్లు ఎక్కడం నావల్ల కాదు.

అన్న ఫోన్ ఆగకుండా మోగుతోంది. వడ్ల సీజన్ కదా. వదిన తెచ్చి నా చేతిలో పెట్టి, నువ్వే చూడమ్మా అంది.

వెంకటేశ్వర్లు గారు. ఆయనకింకా తెలియదు. నెక్స్ట్ వెలగడం లేదు, బయట ట్రాక్టర్లు ఆగిపోయాయి అంటున్నారు.

ఏ పేజీ అని అడిగాను. వడ్లలో తేమ ఎంతో అడిగే పేజీ. ఏం కొట్టారంటే, అంకె కొట్టి పక్కన శాతం గుర్తు కూడా పెట్టారట. అంకె ఒక్కటే ఉంచి ఆ గుర్తు తీసేయమన్నాను.

వెలిగింది.

"సార్ ఏరమ్మా? పక్కనే ఉన్నారా?"

"పక్కనే ఉన్నాడండి" అన్నాను.

అంతలో టెంటు కింద వదిన ఏడుపు ఫోన్‌లోకి వినపడింది. ఆయనకు అర్థమైపోయింది. "ఏ ఊరమ్మా?" అని అడిగి, విని ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం పాస్టర్ గారి ప్రార్థన నడుస్తుండగా వచ్చారు, చొక్కా మీద దుమ్ము కూడా దులుపుకోకుండా. అన్ని బండ్లూ ఎక్కించాకే బయల్దేరారట. రైతుల్ని ఎండలో వదిలేసి వస్తే సార్ ఒప్పుకోరని.

మట్టి వేసి వచ్చి నా ముందు నిలబడ్డారు.

"ఇక మీదట ఆగిపోతే ఎవరికి చెయ్యాలమ్మా?"

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట, అన్న స్క్రీన్లు నడుస్తున్న మిల్లులన్నీ ఆ మాట అడిగినట్టే అనిపించింది. ఏడుస్తూనే చెప్పాను.

"ఇదే నంబరుకు చెయ్యండి. నేను ఎత్తుతాను."

రేపు ఆఫీసు తెరుస్తున్నాను.

ప్రకాశన్నా, నీ ప్రభువు దగ్గర ఏ రందీ లేకుండా పడుకో. ఫోన్ నా దగ్గరే ఉంది.