వెనిజులా పోరనికి మా క్యాంపుల సన్మానం

మా సంఘం అధ్యక్షుని చేతికి శాలువా వచ్చిందంటే ఎవనిదో ఒకని మెడ దొరకాలె. కొత్తగ దిగినోనికి స్వాగత సన్మానం, ఇంటికి పోయేటోనికి వీడ్కోలు సన్మానం, డ్రైవింగ్ పరీక్ష పాసైనోనికి అభినందన సన్మానం. ఖతర్‌ల మా బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపుల, ఏసీ సగమే పనిజేసే మెస్సు హాల్ల, ఎండకాలం మనిషికి శాలువా కప్పి ఫోటో దిగుడేం సరదానో నాకు ఇప్పటికీ సమజ్ గాదు. ఒకసారి నాకూ కప్పిండ్రు. ఉపన్యాసాలు అయిపోయేదాంక తియ్యనియ్యలే. మెడంత చెమటకాయలు లేసినయి.

ఈ మనిషి చేతికి మా ఇంజనీర్ సారు ఎట్ల చిక్కిండో చెప్త.

నేను కంపెనీ డ్రైవర్ని. మాది జగిత్యాల దిక్కు. పొద్దుగాల దోహాల, అల్ ముంతజాల ఉండే ఇంజనీర్ సారును ఎక్కించుకొని బిర్కత్ అల్ అవామిర్‌ల ఉన్న మా యార్డుకు తోల్కపోవుడు, సాయంత్రం మళ్ళ దింపుడు నా డ్యూటీ. సారుది వెనిజులా. ఆ దేశం ఎక్కడుంటదో సారు చెప్పేదాంక నాకూ తెల్వకుండె. మా ఇంటామెకు ఫోన్ల చెప్తే అది దుబాయ్‌ల ఏ దిక్కు అని అడిగింది. ఆమె లెక్కల నేనున్న ఖతర్ గూడ దుబాయే, సారు పుట్టింది గూడ దుబాయే. నేను వాదం పెట్టుకోలే.

సారు మంచోడే. సైటు హిందీ మస్తుగ మాట్లాడ్తడు. గొంతు పెంచడు. కని ఒక్కటే రోగం, బేస్‌బాల్. ఒక్కగానొక్క కొడుకు అమెరికాల ఆ ఆట ఆడ్తడు. ఆడ రాత్రి మ్యాచు నడిచే యాల్లకు మనకు తెల్లారుతది. కార్ల కూసోంగనే ఫోన్ తీసి ముందట పెడ్తడు. ఇగ యార్డు వచ్చేదాంక స్పానిష్ కామెంట్రీ. ఆ కామెంట్రీ చెప్పేటోడు ఇల్లు అంటుకున్నట్టే ఒర్రుతడు. పొద్దుగాల పొద్దుగాల ఒక పాట పెట్టుకుందామంటే నాకు దిక్కు లేకపాయె.

ఆ ఆట చూసి నేను మొదట్ల కడుపుబ్బ నవ్విన. మైదానం నాలుగు మూలలకు నాలుగు తెల్ల దిండ్లు. బ్యాటు అచ్చం రోకలే. చేతికి ఇంత పెద్ద తోలు సంచి తొడుక్కొని క్యాచ్ పడ్తరు. ఒట్టి చేతులతోని పట్టుకునే మా క్యాంపు పోరగాళ్ళను పంపితే సిగ్గుతోని సచ్చిపోతరు అనుకున్న. పైంగ పదిసార్లు బ్యాటు పట్టి ఏడుసార్లు అవుటైనోడు గూడ ఆ ఆటల గొప్పోడేనట. అట్లైతే మా క్యాంపుల అందరం గొప్పోళ్ళమే అన్న. సారు నవ్వలే. అది నిజం అన్నడు.

సారు కొడుకు ఇన్‌ఫీల్డర్. అంటే ఆ రెండో దిండుకూ మూడో దిండుకూ నడుమ నిలబడేటోడు. బాలు నేల మీద ఎగురుకుంట వస్తది. దాన్ని ఏరి, కొట్టినోడు ఉరికి మొదటి దిండు తొక్కేలోపట అక్కడికి ఇసరాలె. ఒకనాడు సిగ్నల్ కాడ ఆగినప్పుడు సారు ఒక ముక్క సూపెట్టిండు. పోరడు ఉరుక్కుంట వొంగి, సంచి తొడుక్కున్న చెయ్యి గాక ఒట్టి చేత్తోని బాలు ఎత్తి, కింద పడుకుంటనే ఇసిరిండు. తోలు సంచి మీద నేనన్న మాటలన్ని ఆనాడే బంద్ చేసిన.

పోరని కథ సారు రోజింత చెప్పెటోడు. వెనిజులాల పన్నెండు పదమూడేండ్లకే పోరగాళ్ళను ఒకాయన దగ్గర పెట్టుకుంటడట. తిండి పెడ్తడు, ఆట నేర్పుతడు, పదహారేండ్లు నిండినంక అమెరికా టీమోళ్ళకు సూపెట్టి తన వాటా తీసుకుంటడు. ఈ ముచ్చట మా రూముల చెప్తే అందరు ఒక్కసారే, ఏజెంటు అన్నరు. ఎవ్వనికీ వివరం అడిగే అవసరం పడలే.

అమెరికాకు పోయినంక బంగ్లాల ఉంచిండ్రా అంటే అదీ లేదు. ఒక్క ఇంట్ల అరడజను మంది. రాత్రంత బస్సు, తెల్లారి ఆట. ఇంగ్లీషు రాక మొదటి కొన్నాళ్ళు హోటల్ల చికెన్ తప్ప ఇంకోటి అడగలేదట. నేను గూడ ఖతర్ వచ్చిన కొత్తల పద అంటే యల్లా, లేదు అంటే మాఫీ, ఈ రెండు అరబ్బీ మాటల మీదనే నెలలు గడిపిన. అమెరికా అంటే ఏందో అనుకున్నం, ఆడ గూడ క్యాంపే.

ఆ ఆటల మెట్లుంటయి. నాకు సమజయ్యేటట్టు సారు మా సైటు లెక్కల చెప్పిండు. లేబర్, హెల్పర్, మేస్త్రి, ఫోర్‌మన్. ఫోర్‌మన్ మీద ఇంకొక్కటే మెట్టు, పెద్ద టీము. పోరడు ఒక్కో మెట్టు ఎక్కుకుంట ఫోర్‌మన్ దాంక వచ్చి ఆడ ఆగిండు. సారుకు రాత్రింబవళ్ళు ఒక్కటే గోస. పోరడు పెద్ద టీముకు పోవాలె, పోయి ఆడ నిలబడాలె. పోవుడు ఒక ఎత్తు, నిలబడుడు ఇంకో ఎత్తు అనెటోడు. ఎవనికన్న దెబ్బ తాకితే పిలుస్తరట, వాడు లేవంగనే తిరిగి కిందికి తోలుతరట. పోయి చూద్దామంటే సారుకు అమెరికా వీసా ఇయ్యరు. పోరడు మీసాలు రాకముందు ఇల్లిడిసిండు, తండ్రి చూసిన మీసాలన్ని ఫోన్లనే.

ఇంత సదువుకున్న మనిషి గద, కార్ల నేను నిమ్మకాయ పెట్టుకుంటే నవ్విండు. మూఢనమ్మకం అన్నడు. మరి ఒకనాడు రోడ్డు పని నడుస్తుంటే నేను సుట్టు తిరిగి తీస్కపోయిన, ఆనాడు పోరడు మంచిగ కొట్టిండు. ఇగ ఆ పని అయిపోయి, రోడ్డు అద్దం లెక్క అయినంక గూడ నెలపొద్దులు ఆ సుట్టు తోవ్వల్నే తోలిచ్చిండు. పెట్రోలు కంపెనీది, నడుము నాది. ఇది మూఢనమ్మకం గాదా సార్ అంటే, కాదు, ఇది బేస్‌బాల్ అన్నడు.

ఆ ఎండకాలం ఒక పొద్దుగాల పిలుపు వచ్చింది. పెద్ద టీముల ఒకనికి మోకాలికి దెబ్బ తాకిందట, పోరన్ని రమ్మన్నరు. సారు సిగ్నల్ కాడ మొకానికి చేతులు అడ్డం పెట్టుకొని ఏడ్చిండు. పచ్చ లైటు పడ్డది, ఎనుక బండ్లన్ని హారన్లు కొడ్తున్నయి. నేను కదలలే. నా బిడ్డ పుట్టిందని ఫోనొచ్చిననాడు నేను గూడ ఇట్లనే ఒక్కన్నే బండిల కూసోని ఏడ్చిన. అద్దం దించి, ఎనుకోనికి ఆగమని చెయ్యి సూపిచ్చిన.

సాయంత్రానికల్ల ఈ సంగతి అధ్యక్షుని చెవుల పడ్డది. ఆయన మా కంపెనీల స్టోర్ ఇంచార్జి. ఇజ్జత్ మొత్తం వాట్సప్‌లనే ఉంటది. వచ్చే శుక్రవారం తండ్రికి సన్మానం అని మెసేజ్ పెట్టిండు. ఆయనకు బేస్‌బాల్ అంటే కబడ్డీకి ఈ పక్కనో ఆ పక్కనో తెల్వది. సారు సంతకం లేంది ఆయన స్టోర్ల సామాను కదలదు, అది మాత్రం మంచిగ తెలుసు.

ఫ్లెక్సీ గొట్టిచ్చిండు. నడుమ అధ్యక్షుడు, నల్లద్దాలు పెట్టుకొని చెవుకు ఫోన్ ఆనిచ్చి నడుస్తున్న ఫోటో. ఆ ఫోన్ల ఎవలున్నరో ఆ దేవునికే తెల్వాలె. సుట్టు కార్యవర్గం మొకాలు. కింద మూలకు, పోస్టు బిళ్ళంత, వెనిజులా పోరడు. అది తయారుజేసిన కరీంనగర్ పిలగాడు పోరని చేతిల బ్యాటు చూసి, ఎనుక మూడు వికెట్లు గూడ నాటిండు.

ఆ శుక్రవారం జుమ్మా నమాజ్ అయినంక సారును తీసుకొద్దామని అల్ ముంతజా పోయిన. దిగి వచ్చిండు, ఇస్త్రీ అంగి ఏసుకున్నడు, మొకంల రక్తం లేదు. కూసున్నంక చెప్పిండు. మోకాలికి దెబ్బ తాకినోడు లేచిండట. పోరన్ని కిందికి తోలిండ్రు. వారం గూడ ఆడ ఉండనియ్యలే. పోవద్దు సార్, ఒంట్ల బాగలేదని నేను చెప్త అన్న.

"వాడు ఇయ్యాల అదే బస్సు మళ్ళ ఎక్కాలె. నేను కారెక్కలేనా?" అన్నడు.

క్యాంపుకు పోంగనే అధ్యక్షున్ని పక్కకు పిలిచి సంగతి చెప్పిన. ఏమన్న బాధపడ్తడా అని మొకం చూసిన. ఫ్లెక్సీ అయింది, బిర్యానీ అయింది, నువ్వు గప్‌చుప్ ఉండు, ఈడ ఆ ఆట ఎవనికి తెలుసు అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పండ్లు కొరుక్కుంట పోయి సారు పక్క కూసున్న.

ఉపన్యాసం మొదలైంది. ఆయనకు వచ్చింది ఒక్కటే ఉపన్యాసం, పేరు మార్చి ఊరు మార్చి అదే చెప్తడు. ఆనాడు ఊరు మార్చుడు మర్చిపోయి, మన జిల్లా ముద్దుబిడ్డ అన్నడు. ఆ పోరడు మన గడ్డ మీద ఆడుకుంట పెరిగిండన్నడు. ఇగ ఎనుకకు తిరిగి చూసేదే లేదన్నడు. సారు నా దిక్కు వొంగి ఏమంటున్నడని అడిగిండు. మీ కొడుకు చాన పైకి వస్తడంటున్నడు సార్ అన్న. అంతకు మించి నా నోటితోని చెప్పబుద్ధి కాలే.

శాలువా కప్పిండ్రు, ఫోటోలు దిగిండ్రు. ఇగ దిగుతడనుకుంటే సారు మైకు అడిగిండు. తర్జుమా అవసరం పడలే, సైటు హిందీ అందరికీ వచ్చు.

"మీరు నా కొడుకు కోసం వచ్చిండ్రు. వాడు ఇప్పుడు పెద్ద టీముల లేడు. పొద్దుగాల కిందికి పంపిండ్రు. అబద్ధం పెట్టుకొని మీ అన్నం తినలేను."

అధ్యక్షుడు మైకు గుంజుకొని, ఇది టెంపరరీ అని ఏదో మొదలుపెట్టిండు. ఎనుక వరుసల ఒక నిర్మల్ మేస్త్రి లేచిండు, నెత్తి నెరిసిన మనిషి. అధ్యక్షున్ని మనిషి లెక్క గూడ చూడలే. మళ్ళ పిలుస్తరా సార్ అని అడిగిండు. పిలువచ్చు, పిలవకపోవచ్చు అన్నడు సారు. మేస్త్రి తల ఊపి చప్పట్లు కొట్టుడు షురూ చేసిండు. ఆయన ఎనుక అందరు కొట్టిండ్రు. ఇన్నేండ్లల్ల ఆ హాల్ల అట్ల చప్పట్లు నేను ఇనలే. అధ్యక్షుడు అవి తనకే అనుకొని దండం పెట్టిండు.

మళ్ళ అల్ ముంతజాకు పోతుంటే తోవ్వల పోరడు ఫోన్ చేసిండు. బస్సు స్టాండుల ఉన్నడట. స్పీకర్ల పెట్టి స్పానిష్‌ల చాన సేపు మాట్లాడుకున్నరు. తర్వాత సారు నా దిక్కు తిరిగిండు. పోరడు అడుగుతున్నడట, నన్ను కిందికి తోలిన సంగతి వాళ్ళకు చెప్పినవా అని. చెప్పిన అంటే, మరి చప్పట్లు ఎందుకు కొట్టిండ్రు అంటున్నడట.

"ఆడ కూసున్నోళ్ళల్ల సగం మందిని ఒకసారి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి తోలిండ్రు. మళ్ళ వచ్చిండ్రు. అట్ల చెప్పు సార్," అన్న.

సారు చెప్పిండు. బస్సుల సప్పుడు నడుమ పోరడు ఏదో చిన్నగ అడిగిండు. మళ్ళ రానీకి ఎన్నేండ్లు పట్టింది అని అడుగుతున్నడు అన్నడు సారు.

ఒక్కొక్కనిది ఒక్కో లెక్క సార్, నాకైతే మూడేండ్లు పట్టింది అన్న. ఈ సంగతి సారుకు నేను అప్పటిదాంక చెప్పలే. ఆయన నా మొకం దిక్కు ఒకసారి చూసి, అది గూడ కొడుకుకు చెప్పిండు.