రాళ్లగుట్టలో జరిగిన గీత

సూర్యాపేట జిల్లా కేంద్రమైన కొద్ది కాలానికి, ఒక వేసవి మొదట్లో, నన్ను మిర్యాలగూడ నుంచి అక్కడి మునిసిపాలిటీకి డీఈగా బదిలీ చేశారు. డీఈ అంటే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. కింద ఏఈ కొలిచి, గీసి తెస్తారు. పైన ఈఈ మంజూరు చేస్తారు. ఇద్దరి మధ్యా కూర్చుని రెండు వైపులా మాటలు పడేవాడు డీఈ. మిర్యాలగూడలో నా ఉద్యోగమంతా చదును నేల మీద, కాలువ నీళ్ల పక్కన గడిచింది. ఇక్కడ చేతిలో పెట్టిన మొదటి పని మాత్రం ఊరి చివరి రాళ్లగుట్ట బస్తీ.

గుట్ట వాలు మీద ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి కట్టినట్టుండేవి. వానాకాలం గుట్ట నీళ్లు మట్టితో సహా ఇళ్లలోకి దిగేవి. ఎండాకాలం అదే బస్తీ ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని ఎదురుచూసేది. గుట్ట పైభాగంలో వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి వాననీటిని ఇంకనివ్వాలని, గట్ల మీద కానుగ, సీతాఫలం మొక్కలు నాటాలని అనుకున్నాం. మిగిలిన నీటిని సందు వెంట మెట్ల కాలువగా దించి, కింద చెత్తతో పూడిన కుంటను బాగుచేసి అందులో కలపాలి. మెట్లుమెట్లుగా కడితే నీటి జోరు తగ్గుతుంది, పక్కనే మనుషులకూ మెట్లు వస్తాయి. ఏ చెట్టు ఎక్కడ, కూర్చునే గద్దె ఎక్కడ అన్నది బస్తీవాళ్లే మీటింగులు పెట్టుకుని తేల్చారు. ఆ మీటింగుల్లో చాయ్‌కీ అరుపులకీ కొదవ ఉండేది కాదు.

చిక్కంతా ఒక్క ఇంటి దగ్గర వచ్చింది. సందు మలుపులో మరియమ్మ ఇల్లు. భర్త పోయాక ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న మనిషి. మా ఏఈ శ్రావణి నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం పెట్టి చూస్తే నీటి దారి సరిగ్గా ఆ గదిలోంచే పోతోంది. ఎదురు వరుస ఇళ్ల అరుగులు సందులోకి వచ్చి ఉండడంతో కాలువ అటు తిరగడానికి చోటు లేదు. గది తీసేయాలని నక్షాలో రాశాం. మరియమ్మ కొట్లాడలేదు. "గది పోతే మిషను ఏడ పెట్టాలె సార్? ఎనక అర్రల మంచమే పట్టది" అని మాత్రం అడిగింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేకపోయాను.

పనికి ముందు నేల మీద సున్నప్పొడితో గీత గీయిస్తాం. మా పనిలో దాన్ని ముగ్గు పోయడం అంటారు. సాయంత్రం శ్రావణి దగ్గరుండి సందంతా ముగ్గు పోయించింది. అది పడింది జనం వాకిళ్లలో. తెల్లారితే ఆడవాళ్లు వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాంపి చల్లకుండా ఉండరు కదా.

పొద్దున మేం వెళ్లేసరికి సర్కారు గీత సాంపిలో కలిసిపోయింది. అలాగని గీత లేకుండానూ లేదు. ఎవరి వాకిట్లో వాళ్లు మళ్లీ గీశారు. ఒకావిడ పక్కన రెండు పువ్వులు కూడా వేసింది. శ్రావణి తల పట్టుకుంది. "అలవాటుల కడిగేసినం సార్. మళ్ల గీసి పెట్టినం" అంది లచ్చమ్మ. ఎదురు వరుసలో మొదటి ఇల్లు ఆమెదే.

గీత వెంట నడుచుకుంటూ దిగాను. ఎదురు వరుసలో దాదాపు ప్రతి ఇంటి దగ్గరా అది మేం పోసిన చోటు విడిచి ఆ ఇంటి వైపే జరిగింది. అరుగుల మీదికి ఎక్కింది. గీత జరిగిందేమిటమ్మా అని లచ్చమ్మను అడిగాను.

"మా అరుగులు మేం ఇస్తున్నం. మీకేం పరేషాన్ సార్?" అంది.

కళ్లద్దాలు తుడుచుకుంటున్నట్టు పక్కకు తిరిగాను.

అయితే నీళ్లకు మొహమాటం ఉండదు. మరియమ్మకు సరిగ్గా ఎదురిల్లు ఆటో నడిపే సైదులుది. భార్య కోదాడలో కూతురి దగ్గరికి పోవడంతో ఆ వాకిట్లో సాంపి పడలేదు. మేం పోసిన గీత చెక్కుచెదరకుండా మరియమ్మ గది వైపే తిరిగి ఉంది. పైన ఎన్ని అరుగులిచ్చినా ఇక్కడ కాలువ తిరగకపోతే గది దక్కదు. సైదులు అరుగేమో కొత్తది, షాబాదు బండలు పరిచింది. పైగా మురికినీళ్ల తగాదా వల్ల మరియమ్మతో ఏళ్లుగా మాటల్లేవు.

ఉన్న సంగతి అతనికి చెప్పాను. బలవంతం లేదని కూడా చెప్పాను. నీళ్లు ఇంకెటూ పోవా అని అడిగాడు. పోవన్నాను. లోపలికి వెళ్లాడు. ఇక తలుపు వేసుకుంటాడనుకున్నాను. గడ్డపార తెచ్చి, మేం చూస్తుండగానే మొదటి బండ లేపాడు.

లచ్చమ్మ ఉండబట్టలేక, "ఆమెకూ నీకూ మాటల్లేవు గద సైదులన్నా" అంది.

"మాటల్లేకుంటే ఇల్లు కూలాల్నా?" అన్నాడు తల ఎత్తకుండానే.

మరియమ్మ తన గడపలో నిలబడి అంతా విన్నది. వచ్చి, అతను లేపిన బండలను ఒక్కొక్కటిగా పట్టుకెళ్లి గోడకు ఆనించసాగింది. ఇద్దరూ ఒక్క మాటా లేకుండా ఆ పని ముగించారు.

శ్రావణి లెవెల్ మళ్లీ తీసి నక్షా మార్చింది. మలుపు దగ్గర ఒక మెట్టు లోతు పెంచాల్సి వచ్చిందంతే. ఈఈ గారు రెండు ప్రశ్నలు వేసి ఒప్పుకున్నారు. మొదటి పెద్దవానకు గొడుగు వేసుకుని వెళ్లి నిలబడ్డాను. నీళ్లు సైదులు వాకిట్లో మలుపు తిరిగి కుంటలోకి దిగాయి. ముందుగదిలో మిషను నడుస్తూనే ఉంది. వాళ్లిద్దరూ నాకు తెలిసి అప్పటికీ మాట్లాడుకోలేదు.

రిటైరై ఇప్పుడు కోదాడలో ఉంటున్నాను. కొత్త ఏఈలు వచ్చి అడిగితే నేను చెప్పేది ఒకటే. నేల ఎటు వాలిందో లెవెల్ యంత్రం చెబుతుంది. ఎవరు ఎంత జరుగుతారో అది చెప్పలేదు. ఇల్లు తీసేయాలని నక్షాలో రాసేముందు ఎదురింటివాళ్లను అడగాలి. ఆ రెండిళ్లకూ పడదని తెలిసినా సరే, అడగాలి.