ఖాళీ చాపలకు మెచ్చుకోలు

ఆ టీవీ మీద నాకు కోపం ఇంకా పోలేదు. పోగొట్టమని దేవుణ్ణి అడగనూ లేదు.

మాది విడవలూరు దాటాక సముద్రం ఒడ్డున ఉండే ఊరు. ఎండాకాలం చేపల వేట నిషేధం పెట్టిన రెండు నెలలూ పడవలు ఇసుక మీదే ఉంటాయి. మగవాళ్ళు పాత వలలు బాగుచేసుకుంటూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. పిల్లలకు బడి ఉండదు. ఆ రెండు నెలలూ పొద్దున పూట భజన మందిరంలో పిల్లలకు పద్యాలు నేర్పడం ముప్పై ఏళ్ళుగా నా పని. నాకు అక్షరాలు నేర్పిందీ ఆ మందిరమే. మా గురువుగారు పలక మీద రాయించిన మొదటి మాట దేవుడి పేరు. నేను ఏ బడికీ పోలేదు.

నిషేధం ముగిసి పడవలు నీళ్ళలోకి దిగే రోజు పొద్దున మందిరంలో ఒక అధ్యాయం చదవడం మా ఆచారం. సముద్రుణ్ణి ప్రార్థించే అధ్యాయం అది. మొత్తం నలభై పద్యాలు. పన్నెండేళ్ళు దాటని ఆడపిల్ల చదవాలి. పద్యం ముగిసినప్పుడల్లా ఊరంతా గోవిందా అంటుంది. చదివే పిల్ల ఎక్కడైనా పద్యం వదిలిందంటే మళ్ళీ మొదటి నుంచి చదవాలి. అది పూర్తయ్యేదాకా ఒక్క పడవ కూడా కదలకూడదు.

ఆ నలభైలో ముప్పై ఏడు అచ్చు పుస్తకంలో ఉన్నవి. మిగిలిన మూడూ మా గురువుగారు రాసినవి. నా పెళ్ళయిన కొన్నేళ్ళకు వచ్చిన తుఫానులో మా ఊరి పడవలు రెండు తిరిగి రాలేదు. అప్పుడాయన ఊదా సిరాతో ఒక కాగితం మీద మూడు పద్యాలు రాసి, ఇరవై ఆరో పద్యం తర్వాత పేజీల మధ్య అతికించారు. సముద్రం ఉంచేసుకున్న మనుషుల కోసం ప్రార్థన అది. ఆ మూడు పద్యాలు చదువుతున్నంతసేపూ అలా మనిషిని పోగొట్టుకున్న ఆడవాళ్ళం లేచి నిలబడతాం. ఇప్పుడు నలుగురమే మిగిలాం. ఆ పడవల్లో పోయిన మా ఆయన శవం దొరకలేదు. ఏడాదికొకసారి ఆ కాసేపు నిలబడడమే నేను ఆయనకు చేయగలిగింది.

ఈ ఏడు చదివే వంతు నా మనవరాలికి వచ్చింది. కూతురి కూతురు, పదేళ్ళది. ఊళ్ళోనే మూడు వీధుల అవతల వాళ్ళ ఇల్లు.

సెలవులు ఇచ్చిన వారానికి బడి పంతులమ్మ, ఊరిపెద్ద కలిసి మందిరంలోకి పెద్ద టీవీ పట్టించుకొచ్చారు. బడికి రిపేర్లు జరుగుతున్నాయట, సెలవుల్లో పిల్లలు చదివింది మరిచిపోకుండా పాఠాలు చెప్పే చానల్ ఒకటి ఉందట. దేవుడి పటాలకు ఎదురు గోడకు మేకులు కొట్టి బిగించారు.

"పెద్దమ్మా, తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా పాఠాలొస్తాయి. మీరు ఆ తర్వాత చెప్పుకోండి" అంది పంతులమ్మ. నెల్లూరు నుంచి బండి మీద వచ్చిపోయే అమ్మాయి. మర్యాదగానే మాట్లాడింది.

"పదకొండున్నరకి ఈ రేకుల కింద కూర్చోబెడితే పిల్లకాయలు ఉడికిపోతారు మ్మా" అన్నాను.

"అయితే వరండాలో చెప్పుకోమే" అన్నాడు ఊరిపెద్ద. "పిల్లకాయలు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుంటే నీకేంది బాధ?"

"నేర్చుకోనీ. దేవుడి ముందర ఎందుకు? నీ ఇంట్లో పెట్టుకో అన్నా."

"నా ఇంట్లో ఇంతమంది పట్టరు. ఆయన కూడా చూస్తాడులే. పొద్దస్తమానం నీ పద్యాలే విని ఆయనకు మాత్రం విసుగు పుట్టదా?"

అక్కడున్నవాళ్ళు నవ్వారు. పంతులమ్మ కూడా తల తిప్పుకుని నవ్వింది. నేను పుస్తకం తీసుకుని వరండాలోకి వచ్చాను.

వరండాలో నాతో మొదటి రోజు తొమ్మిది మంది కూర్చున్నారు. వారం తిరిగేసరికి నా మనవరాలొక్కతే మిగిలింది, అదీ వాళ్ళమ్మ గదమాయిస్తే. లోపలి నుంచి టీవీలో అమ్మాయి గొంతు వినబడుతూనే ఉండేది. "పిల్లలూ, సముద్రంలో ఏమేమి ఉంటాయి? ఇప్పుడు మీరు చెప్పండి." కాసేపు ఆగేది. పిల్లలు తలా ఒకటి అరిచేవాళ్ళు. ఒకడు బూతు కూడా అరిచాడు. "చాలా బాగా చెప్పారు" అనేది ఆ అమ్మాయి.

ఒకరోజు కరెంటు పోయింది. పిల్లలంతా ఐసు బండి వెంట వీధిలోకి పరుగెత్తారు. నేను విసనకర్ర కోసం లోపలికి పోయాను. కరెంటు వచ్చి టీవీ దానంతటదే వెలిగింది. ఆ అమ్మాయి నవ్వుతూ ఏదో లెక్క అడిగింది, ఆగింది. లోపల ఖాళీ చాపలు, గోడకు దేవుడు, గుమ్మంలో నేను. "చాలా బాగా చెప్పారు" అంది.

నాకు ఒళ్ళు మండింది. చెప్పినవాణ్ణీ చెప్పనివాణ్ణీ, ఒప్పునూ తప్పునూ ఒకే మాటతో మెచ్చుకునేదాన్ని గురువు అని ఎలా అంటారు? గురువుగారి దగ్గర నేను నాలుగేళ్ళు చదివాను. బాగా చెప్పావు అని ఆయన రెండు సార్లే అన్నారు. ఆ రెండు రోజులూ ఏ రంగు లంగా కట్టుకున్నానో ఇప్పటికీ గుర్తుంది. చదివేటప్పుడు దేవుడు వింటున్నాడన్న సంగతి మరిచిపోవద్దు అనేవారు. వినేవాడు ఒకడున్నాడు గనుకనే తప్పు తప్పవుతుంది. వినని దాని ముందు ఏం వాగినా ఒకటే.

ఆయన నేర్పినట్టే నేనూ నేర్పుతాను. నేను ఒకసారి చెబుతాను, పిల్ల రెండుసార్లు చెప్పాలి. తప్పితే పద్యం మొదటికి. మనవరాలికి అది గిట్టలేదు.

"అవ్వా, ఫోన్లో ఆమె నీ మాదిరి అరవదు" అంది ఒకరోజు.

"ఎవరామె?"

"పద్యాలు చెప్పే ఆమె. ఎన్నిసార్లు పెట్టుకున్నా విసుక్కోదు."

"విసుక్కోడానికి ఆమెకు నువ్వు ఎవరో తెలిస్తే కదా. నోరు మూసుకుని చెప్పింది చెప్పు."

"నోరు మూసుకుంటే ఎట్టా చెప్పేది?"

తొడ మీద ఒకటి చరిచాను. మరుసటి రోజు అది రాలేదు. ఆ తర్వాత పది రోజులూ రాలేదు. పన్నెండో రోజు వచ్చి ఎదురుగా కూర్చుని, మొదటి పద్యం నుంచి గడగడా మొదలుపెట్టింది. గొంతు తియ్యగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. పది పద్యాలు విన్నాను. చివరి పద్యం అడిగాను, అదీ చెప్పింది. నా అరుపులకు భయపడి ఇంట్లో కూర్చుని పుస్తకంలో చదువుకుందనుకున్నాను. పొంగిపోయాను. మధ్యలో ఒక్కటి కూడా అడగలేదు. ఆ తప్పు నాది, ఇంకెవరి మీదా పెట్టను.

పడవలు దిగే రోజు తెల్లవారేసరికి మందిరం నిండిపోయింది. పడవలకు పసుపు రాశారు. మగవాళ్ళు స్నానాలు చేసి తడి తలలతోనే వచ్చి కూర్చున్నారు. నా మనవరాలు పీట మీద కూర్చుని పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. దాని గొంతు బయట వీధి దాకా వినబడింది. మా కూతురు స్తంభం పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీస్తోంది. ప్రతి పద్యానికీ గోవింద బలంగా లేచింది.

ఇరవై ఆరో పద్యం ముగిసింది. నా పక్కనున్న ముసలామె లేవడానికి నేల మీద చెయ్యి ఆనించింది. ఆమె కొడుకూ ఆ పడవల్లోనే పోయాడు. నేనూ లేవబోతూ మోకాలు మడిచాను. మనవరాలు రెండు కాగితాలు కలిపి తిప్పి తర్వాతి అచ్చు పద్యం అందుకుంది. ముసలామె చెయ్యి నేల మీదే ఉండిపోయింది. నా వైపు చూసింది. పద్యం ముగిసింది. ఊరంతా గోవిందా అంది.

ఎవరూ ఆపలేదు. తెలియక కాదు, కొందరికి తెలిసింది. వాళ్ళ ముఖాలు చూశాను. ఎండెక్కుతోంది, పడవలు దించాలి, పిల్ల బాగా చదువుతోంది. ఇంకో పద్యం, ఇంకో గోవింద.

"ఆపు" అన్నాను.

పిల్ల ఆగింది.

"మూడు పద్యాలు వదిలేసినావు. మొదటి నుంచి చదువు."

"వదల్లేదవ్వా. వరసగానే చెప్పినా."

మా కూతురు ఫోను దించింది. "అమా, అది ఒక్కటి కూడా తప్పలేదు. ఆ వీడియోలో పండితులామె ఎట్టా చెప్పిందో అట్టనే చెప్పింది. నువ్వనే మూడూ అసలు గ్రంథంలోవి కావు."

అప్పుడు తెలిసింది నాకు, పిల్ల పుస్తకం చూసి నేర్చుకోలేదని. పేజీలు ఊరికే తిప్పుతోంది.

"గ్రంథానికి ఒక్క అక్షరం కలపకూడదని మాకు చిన్నప్పుడు చెప్పింది నువ్వే కదా" అంది మా కూతురు మళ్ళీ.

చెప్పాను. ఇప్పటికీ నమ్ముతాను. "మీ నాయన కోసం రాసినవే అవి" అన్నాను. "వీడియోలో ఆమెకు మీ నాయన తెలియడు. నీకూ తెలియకపోతే, పొమ్మను పడవల్ని."

కూతురు తల వంచుకుంది. ఊరిపెద్ద గొంతు సవరించుకున్నాడు. "ఏందిమే ఇది, పొద్దెక్కతా ఉండాది. ఆ మూడూ నువ్వే చదివేసెయ్ ఇప్పుడు, అయిపోతుంది."

"ఆచారం అట్టా లేదన్నా. వదిలితే మొదటి నుంచి. పిల్లే చదవాలి."

"నీ పంతం అంతా ఆ టీవీ మీద. దాన్ని పిల్ల మీద తీర్చుకుంటుండావు" అన్నాడు. అందులో కొంత నిజముంది. అయినా నేను కదల్లేదు.

పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు గొంతులో తీపి లేదు. ఇరవై ఆరు దాటాక అతికించిన కాగితం ముందు ఆగిపోయింది. ఆ రాత దానికి అందలేదు. ఐదో తరగతి పూర్తయిన పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, మొదటి పాదం కూడా దాటలేక, నీళ్ళు నిండిన కళ్ళతో నన్ను చూసింది. ఎన్ని వేసవులు ఎన్ని తెరలు దీన్ని మెచ్చుకున్నాయో.

లేచి పోయి పీట పక్కన కూర్చున్నాను. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో ముక్కా చెప్పాను. అది రెండేసి సార్లు చెప్పింది. ముగ్గురు ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. నేనూ లేవబోయాను. వేలు కాగితం మీద నుంచి తీయగానే పిల్ల ఆగిపోయింది. మళ్ళీ పెట్టాను. మూడు పద్యాలూ అయ్యేదాకా నేను కూర్చునే ఉన్నాను. ఇన్నేళ్ళలో మా ఆయన కోసం నేను నిలబడనిది ఈ ఒక్క ఏడే.

పడవలు బాగా ఎండెక్కాక దిగాయి. ఎవరూ నాకు చెప్పి పోలేదు. ఆ రోజు నుంచి కూతురు మా ఇంటికి రావడం లేదు. ఊరందరి ముందు చిన్నపిల్లను ఏడిపించానని పంతులమ్మ కూడా అందట. మందిరంలో టీవీ విప్పి తీసుకుపోయారు గానీ గోడకు మేకులు అలాగే ఉన్నాయి. వచ్చే వేసవికి మళ్ళీ బిగిస్తారట.

మొన్న చేపలు ఎండేసి వస్తూ కూతురి ఇంటి వీధిలోంచి నడిచాను. కిటికీ తెరిచి ఉంది. లోపల ఫోన్లో మందిరం టీవీలో అమ్మాయి గొంతే, అవే పాఠాలు. "ఏడు ఎనిమిదులు ఎంత? ఇప్పుడు మీరు చెప్పండి" అంది. కాసేపు ఏ చప్పుడూ లేదు. "చాలా బాగా చెప్పారు" అంది.

"నేనింకా చెప్పలా" అంది నా మనవరాలు విసుగ్గా.

పాఠాన్ని వెనక్కి జరిపి మళ్ళీ పెట్టుకుంది. నేను లోపలికి పోలేదు. దాని జవాబు వినబడేదాకా కిటికీ పక్కన నిలబడ్డాను. తప్పు చెప్పింది.