గురూజీ పరుపు, మా మిర్చి గోదాము

పిడుగు పడినా కదలడని పేరున్న ఒక ధ్యానయోగిని, ఊరి పెద్దలందరూ చూస్తుండగా వేదిక మీద గెంతులు వేయించిన ఘనుణ్ణి నేను. నిజం. నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. చివర్లో మాత్రం నేను మీతో కలిసి నవ్వలేకపోవచ్చు, అదొక్కటి క్షమించాలి.

డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. వరంగల్‌లో మాది మిర్చి అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన బస్తాలను బేరం చేసి అమ్మిపెట్టడం మా బాపు పని. బాపు అంటే మా నాన్న. ఇల్లు ముందు, గోదాము వెనక. ఒక్కగానొక్క కొడుకును, పేరు వీరేశం. చదువు అయిపోయి దుకాణంలో కూర్చోవలసిన వయసులో నేను వెళ్ళి హనుమకొండలో ఒక ధ్యాన మండలిలో కూర్చున్నాను.

కూర్చున్నానంటే అలా ఇలా కాదు. పొద్దున ధ్యానం, మధ్యాహ్నం ధ్యానం, సాయంత్రం సామూహిక ధ్యానం. అన్నం ముందు మాత్రం కళ్ళు తెరిచేవాణ్ణి, కూర ఏమిటో చూసుకోవాలి కదా!

ఇంట్లో ఉన్న కాసేపట్లో అమ్మ వచ్చి పక్కన కూర్చునేది.

"బిడ్డా, స్టేషన్ ఘన్‌పూర్ సంబంధం గురించి మీ మేనత్త మళ్ళ కబురు వెట్టింది. ఏం చెప్పుమంటవ్?"

నేను కళ్ళు మూసుకునేవాణ్ణి.

"బాపుకు మోకాళ్ళు నొస్తానయ్ రా. గోదాము మెట్లెక్కలేకపోతాండు. జర నువ్వు..."

ఊపిరి లోపలికి, ఊపిరి బయటికి. అమ్మ కాసేపు నా ముఖం చూసి, కొంగు దులుపుకుని లేచిపోయేది. నా ఏకాగ్రత చూసి ముచ్చటపడుతోందని అనుకునేవాణ్ణి. ఇంతకన్నా వెధవ మీకెక్కడైనా తగిలాడా?

ఆ మధ్య అమ్మకు నిద్ర పట్టడం మానేసింది. కళ్ళ కింద నల్లటి చారలు, ఏ పని మీదా మనసు లేదు. డాక్టరు బీపీ అన్నాడు, గోళీలు రాశాడు. నేను మాత్రం "శ్వాస మీద ధ్యాస పెట్టమ్మా" అని చెప్పి నా బాధ్యత తీర్చుకున్నాను.

అప్పుడే మండలి కార్యదర్శి రంగారావు సారు చల్లటి కబురు తెచ్చాడు. ఉత్తరాది నుంచి సాక్షాత్తూ మా మండలి గురూజీ వరంగల్ వస్తున్నారట. ఆయన బస చేసే ఇంటివాళ్ళకు ఒక వరం ఉంది. మొదటి రోజు ధ్యానం ముగిశాక, ఆ ఇంటివాళ్ళు గురూజీ ఎదుట విడిగా కూర్చుని మనసులో మాట చెప్పుకోవచ్చు. ఆ భాగ్యం కోసం పట్నంలో లక్షాధికారులు కాచుకుని కూర్చున్నారని చెప్పుకునేవారు.

అమ్మ ఎక్కడ విన్నదో, నా దగ్గరికొచ్చి చేయి పట్టుకుంది.

"నన్ను జర గాయన ముంగట కూసోవెట్టు బిడ్డా. ఒక్క మాట అడగాలె."

"నీ నిద్ర సంగతేనా?"

"గదే అనుకో."

"నాకు చెప్పరాదే, నేనడుగుత."

"వద్దు. గాయననే అడగాలె. నువ్వు కూసోవెట్టు, చాలు."

అమ్మ నన్ను ఎన్నడూ ఏమీ అడిగిన మనిషి కాదు. ఏది ఏమైనా సరే, గురూజీ బస మా ఇంట్లోనే కావాలని పట్టుబట్టాను. బాపు గొణిగాడు కానీ అమ్మ ముఖం చూసి ఒప్పుకున్నాడు.

ఇక మొదలయ్యాయి ఏర్పాట్లు. రంగారావు సారు రోజూ వచ్చి ఒక కొత్త నియమం చెప్పేవాడు. గురూజీ పాదాలు నేలకు తగలకూడదు, కారు దగ్గర్నుంచి వేదిక దాకా పట్టుబట్ట పరవాలి. తాగేది నల్లావు పాలే, అదీ వెండి గ్లాసులోనే. ఎండాకాలం కదాని ఊరుకుంటే కుదరదు, కాశ్మీరు యాపిళ్ళు కావాలి. స్నానానికి గంగనీళ్ళు ఆయన వెంటే వస్తాయట, కాచడానికి మాత్రం మన కట్టెలు పనికొస్తాయట. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, నేనైతే కళ్ళు మూసుకుని పాలు పోశాను.

ఒకరోజు మాత్రం ఉండబట్టలేక అడిగాను. "సార్, కోరికలు ఇడిసిపెట్టాలని గదా గురూజీ చెప్పేది. మరి గీ పట్టుబట్టలు, వెండి గ్లాసులు..."

రంగారావు సారు ఏమాత్రం తొణకలేదు. "గురూజీకి ఏ కోరికా లేదు వీరేశం. కోరిక మనది, ఆయన్ను సుఖపెట్టాలని. పాపం, ఆయన మన కోరిక తీరుస్తున్నారు. అంతే!"

పక్క గదిలోంచి బాపు గొంతు వినిపించింది. "అబ్బబ్బ, ఎంత త్యాగం! మనకోసమని పట్టుపరుపు మీద పంటాండు, పాపం!"

నాకు బాపు మీద కోపమొచ్చింది. అనుమానం కూడా వచ్చింది, దాచడమెందుకు. కానీ పట్టుబట్టకూ వెండికీ అంత ఖర్చు పెట్టించాక అనుమానపడే ధైర్యం ఎవడికుంటుంది? మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

అన్నిటికన్నా కఠినమైన నియమం పరుపుది. గురూజీ కూర్చునే పరుపు, ఆనుకునే బాలీసు, ముఖం తుడుచుకునే తువాలు అన్నీ సరికొత్తవి కావాలి. ఇంకొకరి ఒళ్ళు వాటికి తగలకూడదు. నెక్కొండ నుంచి బూరుగు దూది తెప్పించాను, దూదేకులాయన చేత మెత్తటి పరుపు కుట్టించాను, పైన తెల్లటి సిల్కు తొడిగించాను. ముట్టుకుంటే వెన్నపూసే!

కానీ పెట్టేదెక్కడ? గురూజీని చూడాలని హసన్‌పర్తి నుంచి మేనత్త, ఆమె వెనక ఆమె మనవలు, వాళ్ళ వెనక ఎవరెవరో దిగారు. పరుపు కనబడితే దొర్లకుండా ఉండే రకాలు కారు. బాగా ఆలోచించాను. బాగా ఆలోచించినప్పుడే నా కొంప మునుగుతుంటుంది. గోదాము లోపలి గదికి మంచి తాళం ఉంది. పరుపు, బాలీసు, తువాళ్ళు అన్నీ తీసుకెళ్ళి అక్కడ మిర్చి బస్తాల మీద పేర్చి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మిర్చి అడ్తి వాళ్ళ ముక్కులు పుట్టుకతోనే చచ్చిపోయి ఉంటాయి. మా ఇంటికి కొత్త చుట్టం వస్తే కాళ్ళకు నీళ్ళిచ్చే లోపే తుమ్ముతాడు, కళ్ళు తుడుచుకుంటాడు. మమ్మల్ని చూసి ఆనందబాష్పాలు రాలుస్తున్నాడని మేం మురిసిపోతాం. అది సరిగ్గా మిర్చి సీజను. హమాలీలు రోజంతా బస్తాలు దులిపి, జల్లించి, తొక్కుతుంటే గోదాములో ఎర్రటి పొడి పొగలా లేచేది. గురూజీ వచ్చే రోజు పొద్దున నేనే పరుపు బయటికి తెచ్చి, ముక్కు ఆనించి వాసన చూశాను. కమ్మగా ఉంది!

పట్టుశాలువా కప్పుకున్న గురూజీ తెల్లటి కారు దిగారు. కిటికీలకు పరదాలున్న కారు. పట్టుబట్ట మీద నడిచొచ్చి పరుపు మీద కూర్చున్నారు. మా ఇంటి ముందు వేసిన పందిరి కింద జనం కిక్కిరిసి ఉన్నారు. అమ్మ కొత్త చీర కట్టుకుని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ధ్యానం అయిపోగానే ఆమె వంతే. పెదవులు కదులుతున్నాయి. అడగబోయే మాటను తనలో తానే అప్పజెప్పుకుంటోంది.

గురూజీ హిందీలో చెప్పారు, రంగారావు సారు తెలుగు చేశాడు. "ఈ శరీరం నువ్వు కాదు. మంట పుట్టినా, ముల్లు గుచ్చుకున్నా అది శరీరానికే. నువ్వు సాక్షివి. కదలకు!"

అందరం కళ్ళు మూసుకున్నాం. గురూజీ బాలీసు మీదికి వాలారు. బాలీసులోంచి ఉఫ్‌మని గాలి వచ్చిన చప్పుడు. కాసేపటికి...

"హాచ్!"

ఒక కన్ను తెరిచి చూశాను. గురూజీ ముక్కుపుటాలు అదురుతున్నాయి. మళ్ళీ ఒకటి, దాని వెనక ఇంకొకటి. రంగారావు సారు మైకులో గంభీరంగా, "భక్తులారా, గురూజీలో ప్రాణశక్తి పైకి లేస్తున్నది" అన్నాడు.

అంతలో ముందు వరసలో ఉన్న ఒక బట్టల సేటు తుమ్మాడు. ఆయన పక్కన వకీలు సాబు తుమ్మాడు.

"శక్తి మీకూ అందుతున్నది! ఆపకండి, రానివ్వండి!"

ఆపడం ఎవరి తరం? పందిరంతా తుమ్ములే తుమ్ములు. శక్తి అందనివాళ్ళు చిన్నబుచ్చుకుని కావాలని తుమ్ముతున్నారు. నిశ్చింతగా కూర్చున్నది మా ఇంటివాళ్ళం మాత్రమే. మాకెందుకు శక్తి రావడం లేదా అని నేను బెంగపడ్డాను, చూడండి!

అప్పుడు గురూజీ కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి తువాలు అందుకున్నారు. నేనే స్వయంగా ఇస్త్రీ చేసి, గోదాములో దాచిన తువాలు. దానితో రెండు కళ్ళూ గట్టిగా రుద్దుకున్నారు.

ఇక చెప్పేదేముంది? "అరె బాప్‌రే! మర్ గయా! పానీ!" అంటూ లేచి గెంతారు. వేదిక ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు. శిష్యులు బిందెడు నీళ్ళు కుమ్మరించారు. పరుపు మీది పొడి అంటిన శాలువా తడిసి ఒంటికి అంటుకుని మంట నెత్తికెక్కింది. బాపు లేచి నిలబడి, పరమ వినయంగా, "సారూ, మండేది శరీరానికే గద? ఆయనకు గాదు గద?" అని అడిగాడు. రంగారావు సారు దగ్గర దానికి తెలుగు లేదు.

అందరికన్నా ముందు తేరుకున్నది అమ్మ. లోపలికి పరుగెత్తి నెయ్యి గిన్నె తెచ్చింది.

"నీళ్ళు పొయ్యకుండ్రి! మిరపకాయ మంటకు నెయ్యి రాయాలె. జరగుండ్రి!"

గురూజీకి చేయి చాపితే అందేంత దగ్గరికి చేరింది. ఒక శిష్యుడు అడ్డం నిలబడి ఆమెను తోసేశాడు. "ఆడవాళ్ళు దూరం! గురూజీని ముట్టొద్దు!" నెయ్యి గిన్నె కింద పడింది. అమ్మ తమాయించుకుని పందిరి గుంజ పట్టుకుంది. నేను వేదిక పక్కనే నిలబడి ఉన్నాను. మా అమ్మను తోస్తే నోరెత్తలేదు. మిగతాదంతా తలుచుకుని ఇప్పుడు నవ్వుతాను. అదొక్కటి తలుచుకోలేను.

గురూజీని కారులోకి ఎక్కిస్తుంటే చూశాను. పట్టుశాలువా ఎక్కడో జారిపోయింది. వాచిన కళ్ళతో, మా బాపు వయసు మనిషి, వణుకుతున్నాడు. జాలేసింది. ఆయన దొంగ అని నేనిప్పటికీ అనను. ఆ మండలి పెద్దల మేడల గురించి, కార్ల గురించి తర్వాత ఎందరో ఎన్నో చెప్పారు. నిజమెంతో నాకు తెలియదు. అంత మెత్తటి పరుపులు అలవాటు చేసిన పాపం మాలాంటి వాళ్ళది కూడా కదా.

ఆయన కారు కిటికీలోంచి వేలు చూపించి, "ఇస్‌కో మండలీ సే నికాల్ దో! ఇస్‌కీ షకల్ కభీ మత్ దిఖానా!" అని అరిచారు. వీణ్ణి మండలి నుంచి వెళ్ళగొట్టండి, వీడి ముఖం మళ్ళీ నాకు చూపించకండి అని. ఆ వేలు నా వైపే ఉంది. కారు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి పందిరి ఖాళీ అయింది. అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

"తప్పయిందే అమ్మా. నీ ఒక్క మాట గూడ అడగనియ్యకపోతిని."

అమ్మ నా ముఖంలోకి చూసింది. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఎందుకే నవ్వుతానవ్?"

"అడగకముందే ఇచ్చిపోయిండు గదరా మారాజు!"

"ఏమిచ్చిండు?"

"నిన్ను. నా కొడుకును మీ మండలి నుంచి ఎళ్ళగొట్టుండ్రి, నా ఇంటికి నాకు వాపస్ ఇయ్యిండ్రి అని కాళ్ళు మొక్కి అడుగుదామనుకున్న. నువ్వు గాయన మాటైతె ఇంటవ్ గదా అని."

"గంత మాటను నాకు చెప్పకపోయినవా అమ్మా? గాయనదాక ఎందుకే?"

అమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఎన్నిసార్లు రాలే బిడ్డా నీ దగ్గరికి? నేను నోరు తెరిస్తె నువ్వు కండ్లు మూసుకుంటివి."

ఆమె నిద్రపోకుండా చేసిన జబ్బు ఏదో నాకప్పుడు తెలిసింది. మరునాటి నుంచి దుకాణంలో కూర్చున్నాను. ధ్యానం మానలేదు. అది మంచిదే, ఇప్పటికీ పొద్దున్నే కాసేపు కూర్చుంటాను, చింకి చాప మీద. కానీ ఆ సాయంత్రమే, ఆ వంటింటి గడప మీదే, నెయ్యి జిడ్డు వదలని అమ్మ చేయి పట్టుకుని ఘోరమైన ప్రమాణం చేశాను: పరుపన్నది గోదాములో పెట్టను, పట్టు మీద నడిచేవాడి వెనక నడవను, అన్నిటినీ మించి, అమ్మ మాట్లాడుతుండగా కళ్ళు మూసుకోను.

మొదటి రెండూ ఇంకా నిలబెట్టుకుంటూనే ఉన్నాను. మూడోది ఆమె ఉన్నన్నాళ్ళూ తప్పలేదు. ఇప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటేనే అమ్మ మాట వినిపిస్తోంది, ఏం చేయను?