ఉసేనప్ప కాకా అడిగిన వాసన

ఇవాళ పొద్దున బస్టాండు పక్కన చెత్త తగలబెట్టారు. అందులో పగిలిన బకెట్టు ఏదో ఉన్నట్టుంది, ఆర్పిన కొవ్వొత్తి లాంటి వాసన వచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా కొంగులూ రుమాళ్ళూ ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఊపిరి లోపలికి పీల్చాను. ఆ వాసన పేరు పైకి చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఆగిపోయాను.

ఉసేనప్ప కాకా నాకు చుట్టం కాదు. పీర్ల పండుగ రోజుల్లో పుట్టాడని ఆ పేరు పెట్టారట. రాయచూరులో లింగసూగూరు రోడ్డు మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. పాత కార్ల ముందు బంపర్ కింద పెదవిలా ఒక పట్టీ ఉంటుంది, దాన్ని స్పాయిలర్ అంటారు. గతుకుల్లో, కాలువ గట్ల మీద అన్నిటికన్నా ముందు దెబ్బ తినేది అదే. ఆ బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి కొత్తది దొరకదు. తుక్కు దుకాణాల నుంచి తెప్పించి, అతికి, బిగించి ఇవ్వడం కాకా పని. ఎక్కడుందో వెతకడం నా పని. గిల్లేసూగూరు నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఫోన్లో మాట్లాడాలంటే నాకు నోరెండిపోయేది. అందుకే హైదరాబాదుకీ హుబ్బళ్ళికీ ఫోటోలు, మెసేజీలు పంపేదాన్ని. ఖాళీ దొరికితే సొరుగులో దాచుకున్న నవల బయటికి తీసేదాన్ని. కాకా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

అతికే ముందు ఒక తంతు ఉండేది. ముక్క వెనక వైపు నుంచి బ్లేడుతో సన్నటి పొట్టు గీసి, పటకారుతో పట్టుకుని, అగ్గిపుల్లతో అంటించి, ఉఫ్‌మని ఆర్పి, ఆ పొగ నా ముక్కు దగ్గర పెట్టేవాడు. మైనం వాసన వస్తే ఒక రకం ప్లాస్టిక్, గొంతులో గుచ్చే ఘాటు వస్తే ఇంకో రకం. ఆ రకానిదే కరిగించి పోస్తే అతుకు నిలుస్తుంది. వేరేది పోస్తే పైకి నున్నగా కనబడి, రెండు గతుకులు దాటగానే ఊడిపోతుంది. నీళ్ళలో వేసి తేలుతుందో మునుగుతుందో చూడొచ్చు, పొగ నలుపూ చూడొచ్చు. కానీ చేతులు మారిన పాత ముక్కల్లో రంగూ లప్పమూ కలిసిపోయి ఉంటాయని, ముక్కునే నమ్మాలని అనేవాడు.

నేను గొణిగేదాన్ని. ఆయన పటకారు తీసేవాడు కాదు.

“ఎవలికి జెప్తున్నవ్, చీమలకా? గట్టిగ జెప్పు.”

“మైనం, కాకా.”

“ఆఁ, గట్ల.”

అది నాకు పెట్టే పరీక్ష అనుకునేదాన్ని. ఇవాళ కూడా పాసయ్యానని డైరీలో రాసుకునేదాన్ని.

ఒక వేసవిలో సింధనూరు దగ్గర, ఆంధ్ర రైతులు స్థిరపడ్డ క్యాంపు నుంచి వెంకటరత్నం గారు వచ్చారు. వరి పండించే పెద్దాయన. ఆయన తెల్లకారు స్పాయిలర్ కాలువ గట్టుకు తగిలి ముక్కలైంది. కొత్త బండి కొనమని పిల్లలు పోరుతున్నారట. “మా ఆవిడ దీంట్లోనే డ్రైవింగు నేర్చుకుందండి,” అన్నారాయన. “మూతి పగిలిన బండిని వాకిట్లో చూడలేకపోతున్నాం.” ఆ వేసవంతా వెతికితే కలబురగిలో ఒక్కటి దొరికింది. గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసి పంపారు. అదీ నడిమధ్యన పగిలే ఉంది. ఇది పాడైతే మరొకటి లేదని మా ఇద్దరికీ తెలుసు.

అది వచ్చిన మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని లోపలికి వస్తున్నాను. గుమ్మంలోనే, రంగులో కలిపే థిన్నర్ వాసన ముఖానికి కొట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాకా స్టూలు వెనక డబ్బా ఒరిగిపోయి ఉంది. కింద గుడ్డ పేలికలు తడిసిపోయాయి, తడి ఆయన చెప్పుల కిందికి పాకింది. ఆయన ఒక చేత పటకారులో పొట్టు పట్టుకుని, రెండో చేత అగ్గిపుల్ల తీసి పెట్టెకు ఆనించాడు.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు. ఆ గొంతు నాదని కాస్త ఆలస్యంగా తెలిసింది. కాకా చేయి అక్కడే ఆగిపోయింది. పరుగున వెళ్ళి పుల్ల లాక్కుని, ఆయన్ని రెక్క పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాను.

“అంత వాసనొస్తుంటే నీకు తెల్వలేదా కాకా?”

ఆయన లారీల వైపు చూస్తూ అన్నాడు, “వాసన రాదు బిడ్డా. అందరం మూతికి గుడ్డ గట్టుకున్న ఏడు జరమొచ్చిన కాంచి ఏ వాసనా లేదు. జొన్నరొట్టె గూడ అట్టముక్క తిన్నట్టే ఉంటది.”

ఆ జ్వరం నేను షెడ్డులో చేరక ముందరిది. నేను అక్కడే రోడ్డు పక్కన కూర్చున్నాను. అయితే నాకెవరూ పరీక్ష పెట్టలేదు. జవాబు ఆయనకీ తెలియదు. ఎన్ని కార్లు నా నోటి మాట మీద అతుక్కుని ఈ జిల్లా రోడ్ల మీద తిరుగుతున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టబోయాను.

“నేను తప్పు జెప్పుంటే?”

“ఊడేది. తిట్టుకుంట వస్తుండిరి. ఎవలన్న వచ్చిండ్రా?”

“మరి ముందే ఎందుకు జెప్పలే?”

“జెప్తే నువ్వు నోరు తెరుస్తుంటివా?” అన్నాడు. ఆ మీదట గొంతు తగ్గించి, “ఊర్ల తెలిస్తే నాకు పని ఎవలిస్తరు,” అన్నాడు.

తడి మీద ఇసుక పోసి, తలుపులు బార్లా తెరిచి, కలబురగి నుంచి వచ్చిన స్పాయిలర్ రెండు ముక్కలూ రోడ్డు పక్కకు తెచ్చుకున్నాం. ఈసారి పటకారు ముక్కు దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు పీల్చాను. మైనం. నిన్నటిదాకా అయితే అంతటితో ఊరుకునేదాన్ని. నా మాట తప్పయితే దిద్దేవాళ్ళెవరూ లేరని తెలిశాక అలా వదలబుద్ధి కాలేదు. రెండో ముక్క చివర నుంచి కూడా గీయమన్నాను. ఆ పొగ గొంతులో గుచ్చింది.

“రెండూ ఒకటి గాదు కాకా. ఈ చివర వేరేది.”

“పక్కానా?”

“పక్కా.”

నీళ్ళలో వేసి చూస్తాడనుకున్నాను. రంపం తెచ్చి, ఉన్న ఒక్కగానొక్క దాన్ని నేను వేలు పెట్టిన చోట కోసేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే కోసిన అంచున, రంగు కింద, నల్లదీ బూడిదరంగుదీ కలిసిన గీత ఉంది. ఎవరో ఎప్పుడో వేరే బండి స్పాయిలర్ కొస తెచ్చి అతికి లప్పంతో కప్పేశారు. కాకా ఆ గీత మీద బొటనవేలు రాసి, ముక్క నా చేతిలో పెట్టాడు. ఆ చివరను మైనం రకం బంపర్ ముక్కతో కొత్తగా చేశాడు. వెంకటరత్నం గారి కారు ఇప్పటికీ అదే మూతితో తిరుగుతోంది.

పోయిన వానాకాలంలో కాకా చనిపోయాడు. షెడ్డు తాళంచెవి ఆయన భార్య నాకే ఇచ్చింది. ఆయన ముక్కు సంగతి నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి. ఇప్పటికీ అగ్గిపుల్ల గీసే ముందు నా చేయి ఆగుతుంది. షెడ్డు నాలుగు మూలలా వాసన చూసుకున్నాకే గీస్తాను.

ఇవాళ కూడా అలాగే చూసుకుని, ముదగల్ నుంచి వచ్చిన ఒక పాత స్పాయిలర్ వెనక నుంచి పొట్టు గీసి అంటించి ఆర్పాను. పొగ లేచింది.

“ఘాటు, కాకా,” అన్నాను. గొంతు సన్నగా వచ్చింది.

పటకారు కదపకుండా పట్టుకుని, ఈసారి గట్టిగా చెప్పాను.