వీరబాబుగారి కుడి బొటనవేలు

మా వీరబాబుగారికి తాగుడు లేదు, పేకాట లేదు, కోపం అసలే లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. రోజూ పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, మా గడప ముందున్న నాపరాయి మీద కూర్చుని కుడి బొటనవేలు అరగదీసుకునేవారు. దేవుడికి గంధం తీసినంత శ్రద్ధగా, మధ్యమధ్యలో నీళ్లు చిలకరించుకుంటూ, పావుగంట.

మస్కి బస్టాండు వెనక మా ముందుగదిలో నేను డబ్బులు తీసిచ్చే కౌంటర్ నడుపుతాను. ఆధార్ నంబరు చెప్పి చిన్న మిషను మీద వేలు పెడితే, బ్యాంకులో ఉన్న డబ్బు ఇక్కడే చేతికిస్తాను. వచ్చేవాళ్లలో పింఛన్లవాళ్లు, కూలివాళ్లే ఎక్కువ. మేడమీద గది వీరబాబుగారికి అద్దెకిచ్చాను. ఆయనది తుర్విహాళ పక్క క్యాంపు. కాలవ నీళ్లను నమ్ముకుని తాతలనాడు కోస్తా నుంచి వచ్చి వరి పండిస్తున్న కుటుంబం. ఈయన మాత్రం బెంగళూరు కంపెనీ ఒకదానికి కంప్యూటర్లో పని చేసేవారు. మా మిషన్లలో పెట్టిన వేళ్లన్నీ ఆ కంపెనీ మీదుగానే బ్యాంకులకు వెళ్తాయట. క్యాంపులో ఇంటర్నెట్ ముసలి ఎద్దులా నడుస్తుందని మస్కిలో మకాం పెట్టారు.

వేలు అరిగాక వచ్చి వరుసలో అందరికన్నా చివర నిలబడేవారు. తన వంతు రాగానే వంద రూపాయలు తీయమనేవారు. మిషను వేలిని గుర్తుపడితే ముఖం వేలాడేసేవారు. గుర్తుపట్టకపోతే ఆ రోజు ఆయనకు పండగే.

"ఏంది సార్ గిది? వేలు పడకపోతె లోకమంత ఏడుస్తది, మీరు నవ్వుతరు" అని అడిగాను ఒకసారి.

"ఏం చెయ్యనక్కా, సుఖపడిన చర్మం. రాత్రి పెరుగన్నం తింటే చాలు, తెల్లారేసరికి మళ్లీ మొలుచుకొచ్చేస్తోందండి" అన్నారు. ఆ రోజు నుంచి పెరుగు మానేశారు.

నలభై దాటినా ఆయనకు పెళ్లి కాలేదు. సింధనూరు నుంచి ఒక సంబంధంవాళ్లు చూడటానికొస్తే, పసుపుగుడ్డ చుట్టిన వేలితోనే కాఫీలు అందించారు. పిల్ల తండ్రి చాలాసేపు ఆ వేలినే చూసి, అబ్బాయి కంప్యూటర్ ఇంజినీరని చెప్పారు గానీ తాపీ పని అని చెప్పలేదే అని లేచి వెళ్లిపోయాడు. వీరబాబుగారి అమ్మ లక్ష్మీతిరుపతమ్మగారు నాకు ఫోన్ చేసి, ఆ నాపరాయిని తవ్వించి పారేయమని బతిమాలారు.

రాయి మీద అరిగిన వేలు వేరు, మట్టిలో అరిగిన వేలు వేరు అని వానాకాలంలో నాలుగు రోజులు నాట్లకు కూడా వెళ్లారు. ఆయన వేసిన వరసలు పాము పాకినట్టు వచ్చాయట. వెనకాలే ఆడవాళ్లు అవన్నీ పీకి మళ్లీ నాటి, ఆ కష్టానికి ఆయన దగ్గరే మిరపకాయ బజ్జీలు వసూలు చేశారు.

నవ్వుకోవడానికి మాకు అవే మిగిలాయి. ఆ ఏడు కాలవ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, రెండో పంటకు లేనే లేవన్నారు. కూలి లేని ఆడవాళ్లు ఊరికే వచ్చి మా అరుగు మీద కూర్చునేవారు. వాళ్లలో మహాదేవమ్మ ఒకతె. నలభై ఏళ్లు నాట్లు వేసిన చేతులు. వేళ్లు గరిటె వెనకవైపులా నున్నగా అయిపోయాయి, ఒక్క గీత కనపడదు. వితంతు పింఛను మూడు నెలలుగా బ్యాంకులో పడుతూనే ఉంది, ఆమె చేతికి మాత్రం రావడం లేదు. చక్కెర జబ్బు మాత్రలు మొదట సగం చేసి వేసుకుంది, తర్వాత మానేసింది. పాదాలు వాచాయి. అయినా వచ్చిన ప్రతిసారీ నా చిన్న మనవరాలికి కొంగున కట్టిన పల్లీలు నాలుగు తెచ్చేది.

ఎందుకిట్ల అవుతోందని నేను అడిగితే వీరబాబుగారే విడమరిచి చెప్పారు.

"ముందు మా కంపెనీలో అంతా ఒకటే పెద్ద ప్రోగ్రామండి, ఉమ్మడి కుటుంబంలాగ. ఒకడికి జలుబు చేస్తే ఇల్లంతా మంచమెక్కేది. అందుకని పద్నాలుగు వేరు కాపురాలు పెట్టించాం. ఒకటి వేలు చూస్తుంది, ఒకటి బ్యాంకుని అడుగుతుంది, ఒకటి లెక్క రాస్తుంది. ఎవరి డబ్బు ఏ బ్యాంకు దారిన పంపాలో చూసేవాడు బసన్న. వాణ్ణి తయారుచేసింది నేనే. మా ఊరి బస్సు కండక్టరు పేరు పెట్టాను, ఏ దారి తెగిందో ఆయనకే ముందు తెలిసేదని. మా బసన్నకి ఎవరూ పాఠం చెప్పరు. జరిగింది చూసి తనే నేర్చుకుంటాడు."

"ఏం నేర్సుకున్నడు మరి?"

ఆయన తల వంచుకున్నారు. "వేలు వరసగా నాలుగుసార్లు పడకపోతే దొంగని నేర్చుకున్నాడక్కా. అలాంటివాళ్లని అనుమానం గదిలో కూర్చోబెడతాడు. ఆ గది తలుపు మనిషి వచ్చి తియ్యాలి. తీసే మనిషిని కంపెనీ పోయినేడే తీసేసింది."

ఇదంతా విన్న మహాదేవమ్మ ఊరుకుంటుందా? ఎవడా బసన్న, ఏ ఊరోడు, వానికి తల్లి లేదా అని రోజూ తిట్టిపోసేది. వీరబాబుగారు తన కొడుకును తిట్టినట్టు చేతులు కట్టుకుని వినేవారు. ఒకరోజు మాత్రం ఆమె తిట్టకుండా గుడ్డలో చుట్టిన జొన్నరొట్టె ఆయన చేతిలో పెట్టింది.

"వానికియ్యప్పా. ఆకలికి తలకాయ పనిజేస్తలేదేమో పాపం."

ఆయన మెట్ల మీద కూర్చుని, బసన్న వంతు రొట్టె కష్టంగా మింగారు.

పుష్యంలో ఒక సోమవారం, ఆయన వేలు మూడుసార్లు పెట్టినా పడలేదు. నాలుగోసారికి ఖాతా ఆపేశామని తెర మీద వచ్చింది. జీతమంతా అందులోనే ఉంది. బ్యాంకుకు ఫోన్ చేద్దామని నేను లేచాను. ఆయన మాత్రం మిషనుకు రెండు చేతులా దండం పెట్టారు.

"నన్ను కూడా దొంగన్నాడక్కా!"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. కంపెనీ ఒప్పుకోనిదే బసన్నను ఆయన ముట్టుకోకూడదట. మహాదేవమ్మ దొంగ కాదని ఆయన కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాసినా, కాదని నీకేం తెలుసు, ఎవరైనా ఆమె నంబరు వాడుతున్నారేమో అన్నారట. దొంగ కాదని మీకే తెలిసిన మనిషిని చూపిస్తానని ఈయన పంతం పట్టారు. నెలనెలా వాళ్లే జీతం వేసే మనిషికన్నా తెలిసినవాడెవడు? అందుకని ఇన్నాళ్లూ తన వేలినే అరగదీశారు.

ఖాతా తెరుచుకునేదాకా పదకొండు రోజులు మా ఇంట్లోనే తిన్నారు. ప్రతి పూటా విస్తరి నేనే ఎత్తేస్తాననేవారు. ఇంట్లో స్టీలు కంచాలే ఉన్నాయని చెప్పినా వినిపించుకునేవారు కాదు. పన్నెండో రోజుకు కంపెనీ దిగొచ్చింది. వేలు పడనివాళ్లను అనుమానం గదికి పంపకుండా, వేరే వేలు అడిగి వేరే దారిన పంపమని బసన్నకు కొత్తగా నేర్పారు. శుక్రవారం మహాదేవమ్మ ఎడమచేతి ఉంగరపు వేలు పెట్టింది. ఆగిన నెలలన్నిటి పింఛనూ వచ్చింది. నోట్లు కళ్లకద్దుకుని తిన్నగా మందుల షాపుకు పోయింది.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి ఫోన్. నడుస్తున్న మిషన్లతో నాటకాలాడినందుకు రేపటి నుంచి రావద్దన్నారట. ఎక్కడికి రావద్దన్నారో, ఆయన ఉండేది మా మేడమీదే కదా అని నాకు ఏడుపులో కూడా నవ్వొచ్చింది.

పొద్దున్నే క్యాంపుకు పోవడానికి సంచీతో కిందికి దిగి, అద్దె లెక్క తీర్చి, గుమ్మంలో ఆగారు.

"అక్కా, ఒక్క సాయం చెయ్యాలి. నా ఉద్యోగం పోయిందని మహాదేవమ్మగారికి తెలియకూడదు. తెలిస్తే మిగిలిన డబ్బు నాకే తెచ్చిచ్చి, మళ్లీ మాత్రలు మానేస్తారు. నాకు పెద్ద ఉద్యోగం వచ్చిందని చెప్పండి."

"అబద్ధం ఆడనన్నది నా మొక్కు సార్. ఎట్ల జెప్పాలె?"

ఆయన సంచీ కింద పెట్టారు.

"అయితే నిజమే చెప్పండి. మా నాన్న చెన్నకేశవరావుగారి దగ్గర పనికి కుదిరానని చెప్పండి. ఆయనకన్నా పెద్ద మేనేజరు ఈ జిల్లాలో లేడు. జీతం ఎంతని మాత్రం ఆవిడని అడగనివ్వకండి."